చెయ్యెత్తితే ఆగే ఊరు

బ్రేకు పడింది. డ్రైవరు కాలు మాత్రం బ్రేకు మీద లేదు.

సీటుబెల్టు మీ భుజాన్ని వెనక్కి లాగి పట్టుకుంది. స్టీరింగు వెనక తెర మీద ఎర్ర కారు బొమ్మ వెలిగింది. చెవిలో సూది గుచ్చినట్టు ఓ కూత. ముందేముందా అని చూస్తే ఏమీ లేదు. మన బంపరుకీ ముందున్న టాటా ఏస్‌కీ మధ్య ఓ స్కూటీ చేపపిల్లలా దూరి, మీరు చూసేసరికే అవతలికి జారిపోయింది. వెనక నాలుగు హారన్లు ఒక్కసారే మోగాయి. మనకు తగలబోయి ఆగిన ఆటో అతను పక్కకొచ్చి, తల బయటపెట్టి, "క్యా మియా, సో గయే క్యా?" అని అడిగి జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

"నేను కొట్టిన్ననుకుంటున్నడు సార్ బ్రేకు," అన్నాడు డ్రైవరు. "గాడే కొట్టుకున్నదని ఆయనకెట్ల చెప్పాలె?"

మనం నయాపూల్ మీద ఉన్నాం. సాయంత్రం ఐదున్నర. అఫ్జల్‌గంజ్ వెనకబడింది. కింద మూసీ కనబడేలోపే దాని వాసన ఏసీలోంచి లోపలికొచ్చింది. ఎడమన సాలార్‌జంగ్ మ్యూజియం, కుడిన హైకోర్టు గుమ్మటాలు. కారు కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. అది మనది కాదు, నడుపుతున్న మనిషిదీ కాదు. ఓనరు రాత్రి తొమ్మిదింటికి దుబాయ్ విమానంలో శంషాబాద్‌లో దిగుతాడు. ఈలోగా పత్తర్‌గట్టీలో కుట్టడానికిచ్చిన పెళ్లి బట్టల మూట తీసుకుని, పాతబస్తీ మీదుగా ఎయిర్‌పోర్టుకు చేరాలి.

డ్రైవరుది లాల్‌దర్వాజా. ఇరవై రెండేళ్లుగా స్టీరింగే జీవనం. ఇప్పుడు యాక్టింగ్ డ్రైవరు. అంటే సొంత బండి లేదు, ఒకే యజమానీ లేడు. ఫోనొస్తే వెళ్తాడు, తాళంచెవి అందుకుంటాడు, పని కాగానే తాళంచెవి ఇచ్చేసి వస్తాడు. పొద్దున ఒకరి బండి, సాయంత్రం ఇంకొకరిది.

"ఒక్కో గాడిది ఒక్కో బుద్ధి సార్. ఒకటి కూత పెడ్తది. ఒకటి స్టీరింగు వణికిస్తది. ఒకటేమో చెప్పకుంటనే బ్రేకు కొడ్తది. తాళం ఇచ్చెటప్పుడు ఓనర్లు పెట్రోలు ఎంతున్నదో చెప్తరు, ఫాస్టాగ్‌ల పైసలున్నయని చెప్తరు. గిది మాత్రం చెప్పరు. వాళ్లకు గూడ తెల్వదు."

ఆయన 'గిది' అన్నదాన్ని షోరూముల్లో అడాస్ అంటారు. డ్రైవరుకు తోడుగా ఉండే సహాయ వ్యవస్థ. ముందు అద్దం పైభాగంలో, మధ్య అద్దం వెనక నల్లగా కనిపిస్తోందే, అది కెమెరా. ముందు బంపరు లోపల రాడార్. నుదుట ఒక కన్ను, ముక్కులో ఒకటి. రెండూ కలిసి ముందున్న బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో దగ్గరవుతోందో కొలుస్తుంటాయి. ఢీకొట్టేలా ఉన్నామనిపిస్తే ముందు కూత, మనిషి వినకపోతే బ్రేకు. నాలుగైదేళ్ల కిందట మన దేశంలో ఇది ఖరీదైన పెద్ద కార్ల ముచ్చట. 2024 డిసెంబరుకల్లా పది లక్షల లోపు చిన్న సెడాన్‌లోకి కూడా దిగింది.

ఈ సహాయానికి సున్నా నుంచి ఐదు దాకా మెట్లు కట్టారు. సున్నాలో పని అంతా మనిషిదే. ఐదులో మనిషి అక్కర్లేదు. ఇప్పుడు మనం కూర్చున్నది రెండో మెట్టు. కారు కొంత తిప్పుతుంది, కొంత ఆపుతుంది. చేతులు స్టీరింగు మీదా, కళ్లు రోడ్డు మీదా ఉండాల్సింది డ్రైవరువే. ఏం జరిగినా జవాబు చెప్పాల్సిందీ ఆయనే.

మదీనా చౌరస్తా దాటాం. ఇక్కడి నుంచి పత్తర్‌గట్టీ. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి దుకాణాల వరుస. ఆ కమాన్ల కింద జనం నడవాలని కట్టారు. ఇప్పుడు కమాన్ల కింద షేర్వాణీలు వేలాడుతున్నాయి, జనం రోడ్డు మీద నడుస్తున్నారు. కారు పక్కకు తీసి ఆపుతుంటే సెన్సర్లు ఒక్క గొంతుతో మొదలుపెట్టాయి. ఎడమన ఖర్జూరాల తోపుడుబండి, కుడిన అత్తరు సీసాల పెట్టె మెడకు తగిలించుకున్న కుర్రాడు, వెనక బైకు, ముందు ఇంకో బైకు. తెర మీద కారు బొమ్మ చుట్టూ ఎర్ర గీతలు. దాని దృష్టిలో మనం నాలుగు వైపులా ముట్టడిలో ఉన్నాం.

"గిదేం భయం సార్ దీనికి," అంటాడాయన. "చుట్టూ ఉన్నోళ్లందరు మనోళ్లే."

దుకాణం కుర్రాడు బట్టల మూట తెచ్చి వెనక సీట్లో పడేశాడు. కారు కదిలీ కదలగానే మళ్లీ కూత. ఈసారి వెనక సీట్లో ఎవరో బెల్టు పెట్టుకోలేదట. మూట బరువుకు సీటు అది మనిషే అనుకుంది. డ్రైవరు వెనక్కి వంగి, షేర్వాణీల మూటకు సీటుబెల్టు పెట్టాడు. కూత ఆగింది.

ఇప్పుడు ఆయన చేతుల్ని చూడండి. ఎడమ చెయ్యి స్టీరింగు మీద, కుడి చెయ్యి కిటికీ అంచు మీద. ఆ కుడి చెయ్యి ఊరికే లేదు. బురఖాలో ఉన్న ఒకావిడ బిడ్డను చంకనేసుకుని రోడ్డు మీదకి అడుగేసింది. మనవైపు చూడలేదు, అరచెయ్యి మాత్రం మనవైపు చూపించింది. ఈ ఊళ్లో రోడ్డు దాటే పద్ధతి ఇదే. ట్రాఫిక్ పోలీసు అక్కర్లేదు, జీబ్రా గీతలు అక్కర్లేదు, చెయ్యెత్తితే చాలు. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల మీద కూడా చెయ్యి ఎత్తిన చోట ఆపుతామనే కదా రాసుకున్నారు.

డ్రైవరు ఆపలేదు. వేగం రవ్వంత తగ్గించి, తల పావువంతు ఊపాడు. ఆమె ఆ ఊపును చూసి, మన ముందు నుంచి కాకుండా వెనక నుంచి వెళ్లింది. మొత్తం రెండు సెకన్లు. ఒక్క మాట లేకుండా బేరం కుదిరింది.

"ఆమె ఆగమన్లే సార్. నువ్వు జూస్తున్నవా అని అడిగింది. చూస్తున్నమ్మా అని నేను చెప్పిన. ఈ కెమెరాకు మనిషి కనవడ్తది. మనిషి నీయత్ కనవడ్తదా?"

నీయత్. మనసులో ఉన్న ఉద్దేశం. పాతబస్తీ డ్రైవరు నోట ఈ మాట రోజుకు పదిసార్లు వస్తుంది. రోడ్డు పక్క నిలబడ్డ మనిషి దాటాలనుకుంటున్నాడా, ఆటో కోసం చూస్తున్నాడా, ఊరికే నిలబడి ఉన్నాడా అన్నది డ్రైవరు అతని పాదాల తీరు చూసి చెబుతాడు. కాలి మడమ లేస్తే దాటుతాడు. భుజం వెనక్కి వాలితే దాటడు. ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ ఈ పాఠం లేదు.

యంత్రానికి ఈ పాఠం రాకపోతే ఏమవుతుందో లోకం ఒకసారి చూసింది. 2018 మార్చి 18 రాత్రి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపే పట్టణం. ఉబర్ తనంతట తాను నడిచే కారును పరీక్షిస్తోంది. ఎలేన్ హెర్జ్‌బర్గ్ అనే 49 ఏళ్ల మహిళ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. అక్కడ జీబ్రా గీతలు లేవు. ఢీకొనడానికి ఐదున్నర సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. కానీ ఏదో బండి అనుకుంది, తెలియని వస్తువు అనుకుంది, సైకిలు అనుకుంది. అనుకున్న ప్రతిసారీ ఆమె ఎటు పోతుందన్న లెక్క మళ్లీ మొదటికొచ్చింది. గీతలు లేని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహ ఆ వ్యవస్థ తయారీలోనే లేదని తర్వాత దర్యాప్తులో తేలింది. ఆమె చనిపోయింది.

ఈ కథ మీరు చెబుతుంటే ఆయన గుల్జార్‌హౌజ్ దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే.

"కేసు ఎవరి మీద పెట్టిన్రు?"

కారులో పర్యవేక్షణకు కూర్చోబెట్టిన ఉద్యోగి మీద. ప్రమాదానికి ముందు ఆమె ఫోను చూస్తోందని అభియోగం. 2023లో తప్పు ఒప్పుకుంది, మూడేళ్ల ప్రొబేషన్ పడింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు.

"ఇగ అంతే కదా సార్," అన్నాడాయన. ఆశ్చర్యపోలేదు. "సీట్ల కూసున్నోడే దొరుకుతడు."

ఎదురుగా చార్మినార్. 1591 నాటి కట్టడం, నాలుగు మినార్లూ సాయంత్రపు ఎండలో తేనె రంగులో ఉన్నాయి. చుట్టూ పాదచారుల ప్రాజెక్టు వచ్చాక కార్లకు అటు దారి లేదు. గుల్జార్‌హౌజ్ దగ్గర ఎడమకు తిరిగాం. మీర్ ఆలం మండీ వైపు నుంచి ఏతబార్ చౌక్, అక్కడి నుంచి కోట్లా అలీజా. గల్లీ సన్నబడేకొద్దీ ఆయన వెన్ను నిటారుగా అవుతోంది. పక్క అద్దాలు మడిచేశాడు. ఎదురుగా ఇనుప చువ్వల రిక్షా. చువ్వలు వెనక్కి రెండు గజాలు పొడుచుకుని ఉన్నాయి. కెమెరాకు రిక్షా కనిపిస్తుంది. గాలిలో వేలాడే చువ్వ కొస ఎంతవరకు కనిపిస్తుందో ఆయనకు నమ్మకం లేదు. అందుకే యంత్రం కంటే ముందే బ్రేకు మీద కాలు పెట్టాడు.

ఇలాంటి గల్లీలను కంప్యూటర్లకు నేర్పే పని మన ఊళ్లోనే జరిగింది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి కారుకు కెమెరాలు బిగించి హైదరాబాదు, బెంగళూరు, వాటి శివార్ల రోడ్ల మీద తిప్పాయి. 182 ప్రయాణాల నుంచి పదివేల చిత్రాలు ఏరి, ప్రతి చిత్రంలోనూ ఏది రోడ్డు, ఏది మనిషి, ఏది ఆటో, ఏది జంతువు అని అంగుళం అంగుళం గీసి, 34 రకాలుగా పేర్లు పెట్టారు. 2018లో లోకానికి విడుదల చేశారు. అప్పటిదాకా ఇలాంటి కార్లకు పాఠ్యపుస్తకం లాంటి చిత్రాలు ఎక్కువగా జర్మనీ పట్టణాలవి. అక్కడ రోడ్డు ఎక్కడ ముగుస్తుందో గీత గీసినట్టు ఉంటుంది. మన దగ్గర రోడ్డు ముగిసి మట్టి మొదలవుతుంది, మట్టి మీద కూడా బండ్లు నడుస్తాయి. అందుకని 'రోడ్డు కాదుగానీ అవసరమైతే నడపొచ్చు' అనే రకానికి కూడా ఓ పేరు పెట్టాల్సి వచ్చింది.

"మరి ఏనుగుకు పెట్టిన్రా?" అని అడిగాడాయన.

హాస్యం కాదు. ఆయన పుట్టిన లాల్‌దర్వాజా సింహవాహిని బోనాలకు పెట్టింది పేరు. బోనాల ముగింపున అక్కన్న మాదన్న గుడి నుంచి అమ్మవారి ఘటం ఏనుగు మీద నయాపూల్ దాకా వస్తుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీకా ఆలం ఏనుగు మీదే చాదర్‌ఘాట్‌కు వెళ్తుంది. ఇక గుర్రాలంటారా, 2024 జనవరిలో హిట్ అండ్ రన్ చట్టం మీద లారీ డ్రైవర్ల సమ్మెతో బంకుల్లో పెట్రోలు కరవైనప్పుడు, చంచల్‌గూడలో ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు గుర్రమెక్కి ఆర్డరు ఇచ్చి వచ్చాడు. ఆ వీడియో దేశమంతా చూసింది.

ఏనుగును అర్థం చేసుకోవడం యంత్రానికి నిజంగానే కష్టం. వోల్వో కంపెనీ స్వీడన్‌లో దుప్పుల్ని గుర్తుపట్టేలా కారును తయారుచేసింది. అదే కారు ఆస్ట్రేలియాలో కంగారూల దగ్గర తడబడింది. 2017లో కంపెనీ వాళ్లే చెప్పారు: జంతువు నేల మీద ఎక్కడుందో దాన్నిబట్టి దూరం లెక్కకట్టే యంత్రానికి, గాల్లోకి ఎగిరిన కంగారూ దూరంగానూ, నేలమీద వాలిన కంగారూ దగ్గరగానూ అనిపించిందట. ఏ ఊరి యంత్రానికి ఆ ఊరి జంతువే గురువు.

మొఘల్‌పురా మీదుగా షాలిబండ రోడ్డెక్కాం. కుడివైపు సగం కూల్చిన దుకాణాలు, ఇనుప చువ్వలు బయటికొచ్చిన స్లాబులు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో పునాదిరాయి వేశారు. దాని కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మొన్న గోడ ఉన్నచోట ఇవాళ ఖాళీ స్థలం, నిన్న ఖాళీగా ఉన్నచోట ఇవాళ కంకర కుప్ప. రోడ్డు మీద తెల్ల గీత మచ్చుకైనా లేదు. గీతను చూసి దారిలో ఉంచే సౌకర్యం ఈ కారులో ఉంది. ఇక్కడ చూడటానికి గీత లేక, తెర మీద ఆ బొమ్మ బూడిద రంగులోకి మారి నిద్రపోయింది.

ఫలక్‌నుమా దగ్గర ఇరానీ హోటల్ ముందు బండి ఆపాడు. టైముంది, చాయ్ తాగుదాం. పాలరాతి బల్ల మీద కప్పులు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు. ఆయనకు తెలిసిన మొహాలే ముగ్గురు వచ్చి చేరారు. ఒకరు ఆటో, ఒకరు యాప్ క్యాబ్, ఒకాయన ఆర్టీసీలో నడిపి రిటైరయ్యాడు. మీరు అడగాల్సిన పని లేకుండానే మాట అందుకున్నారు.

"ఈయనకు బుగులు," అన్నాడు క్యాబ్ అతను మన డ్రైవరును చూపించి. "రేపు గాడి దానంతట అదే నడిస్తే మనమేం తినాలె అని."

"నాకు బుగులు లేదు. గడ్కరీ సాబ్ రానియ్యనన్నడు కదా."

నిజమే. కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లో ఒకసారి, 2023 డిసెంబరులో నాగపూర్‌లో మరోసారి ఆ మాటే చెప్పారు. డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వను, వస్తే 70, 80 లక్షల మంది డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి అని. ఆ మాటకు చాయ్ బల్ల మీద మంచి విలువుంది. అయితే ఇక్కడికి ఓ డెబ్బై కిలోమీటర్ల లోపే, సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో డ్రైవరు లేని బస్సులు విద్యార్థుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. తిహాన్ అనే పరిశోధన కేంద్రం వాటిని తయారుచేసింది. దాని పరీక్షా స్థలాన్ని 2022 జులైలో ప్రారంభించారు. ఆరు సీట్లదొకటి, పద్నాలుగు సీట్లదొకటి. 2025 ఆగస్టు నాటికే పదివేల మందికి పైగా ఎక్కి దిగారు.

"కాలేజీ కాంపౌండ్ల తిరుగుడు వేరే," అన్నాడు ఆటో అతను. "జుమ్మా రోజు మక్కామసీద్ కాడికి రమ్మను."

అందరూ నవ్వారు. రిటైరైన ఆర్టీసీ పెద్దాయన నవ్వలేదు.

"మీరనేది కరెక్టే గానీ, నైట్ సర్వీసు నడిపినోడికి తెలుస్తది," అన్నాడు నెమ్మదిగా. "పొద్దుగాల మూడింటికి కన్ను మూత పడ్తది. పడ్డట్టు నీకు తెల్వదు. గప్పుడు పక్కల నుంచి ఏదన్న ఒకటి కూత పెడ్తే, అది నీకు అమ్మ లెక్క."

ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ వాళ్ల ఐరాస్తే ప్రాజెక్టు కింద తెలంగాణలో కొన్ని ఆర్టీసీ బస్సులకు ఇలాంటి హెచ్చరిక పరికరాలు పెట్టారు. 2025 మార్చిలో కేంద్రం ముసాయిదా నోటిఫికేషన్ కూడా తెచ్చింది. బస్సులు, లారీలకు తనంతట తాను పడే బ్రేకు, గీత దాటితే హెచ్చరిక, డ్రైవరు కునుకు తీస్తే లేపే ఏర్పాటు తప్పనిసరి చేయాలని. పెద్దాయన మాట అక్కడ ముసాయిదా దాకా వెళ్లింది.

"కూత సరే పెద్దాయనా," అన్నాడు మన డ్రైవరు. "కూత నాతోని అయితే నాకు సంతోషమే. ఇది నాతోని కూసి, ఓనరుకు గూడ చెప్తది. గదే నా బాధ."

ఇక్కడ చాయ్ కప్పు కింద పెట్టి వినండి. ఆయన అసలు భయం రోబో కాదు. ఇప్పటి కార్లు చాలావరకు ఓనరు ఫోనుకు కట్టేసి ఉంటాయి. ఎంత స్పీడు వెళ్లింది, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు పడింది, డ్రైవింగుకు ఎన్ని మార్కులు, అన్నీ యాప్‌లో కనిపిస్తాయి. నయాపూల్ మీద స్కూటీకి కారు కొట్టుకున్న బ్రేకు కూడా ఆ లెక్కలో చేరితే, చూసేవాడికి అది డ్రైవరు బ్రేకే. వెనక బండి వచ్చి గుద్దినా అంతే. ముందు అద్దానికి రాయి తగిలి పగిలితే ఇంకో తంటా. అద్దం మార్చి ఊరుకుంటే చాలదు, దాని వెనక కెమెరాను మళ్లీ కొలతపెట్టి సరిచేయాలి. ఆ బిల్లు చూశాక ఓనరు అడిగే మొదటి ప్రశ్న, రాయి తగిలే దాకా నువ్వేం చేస్తున్నావని.

"గాడి తప్పు జేస్తే గాడికి సర్వీసింగు," అన్నాడాయన లేస్తూ. "నేను జేస్తే నాకు ఛుట్టీ."

చాంద్రాయణగుట్ట దాటి ఆరాంఘర్ వైపు తిరిగేసరికి చీకటి పడింది. శంషాబాద్ రోడ్డెక్కగానే కారు తీరు మారిపోయింది. వెడల్పాటి తారు, మెరిసే తెల్లగీతలు. తెర మీద బూడిద రంగులో నిద్రపోయిన బొమ్మ పచ్చగా లేచింది. డ్రైవరు ఓ బటన్ నొక్కి, వేగం ఎనభైకి పెట్టి, కాలు పక్కకు తీశాడు. ముందున్న బస్సు నెమ్మదిస్తే మనమూ నెమ్మదించాం, అది కదిలితే మనమూ కదిలాం. వంపులో స్టీరింగు ఆయన అరచేతుల కింద తనే కొంచెం తిరిగింది. పాతబస్తీలో బిత్తరపోయిన పిల్లాడు ఇక్కడ సొంతింటికి వచ్చినట్టున్నాడు.

హఠాత్తుగా, ముందు లైట్లు లేని ఓ ట్రాలీ. మీకింకా కనబడలేదు. ఆయనకూ కనబడలేదు. కూత వచ్చింది, వెంటనే బ్రేకు. ఈసారి వెనక ఎవరూ తిట్టలేదు. ట్రాలీ నిండా సెంట్రింగ్ కర్రలు. వాటి కొసలు మన అద్దానికి నాలుగు గజాల దూరంలో ఆగాయి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"అబద్ధం ఎందుకు చెప్పాలె సార్," అన్నాడు చివరికి. "పోయినేడు కర్నూలు రోడ్డు మీద, పొద్దుగాల నాలుగింటికి నాకు కునుకు పట్టింది. వేరే ఓనరు గాడి. గీత దాటంగనే స్టీరింగు గడగడ వణికింది. లేసిన. పక్కకు ఆపి మొకం కడుక్కున్న. వెనక సీట్ల పిల్లలు పండుకున్నరు. గా పొద్దు ఈ మిషిన్ లేకపోతే ఏమైతుండెనో."

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం ద్విచక్రవాహనాల మీద వెళ్లేవాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్లేవాళ్లు. అంటే చనిపోయిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు మనం ఇందాక పాతబస్తీలో చూసినవాళ్ల లాంటివాళ్లే. చేపపిల్లలా దూరిన స్కూటీ, బిడ్డను చంకనేసుకుని చెయ్యి చూపించిన తల్లి. వాళ్లను కాపాడే యంత్రాన్ని ఏ డ్రైవరూ వద్దనడు. పక్కనున్న మనిషికి చెప్పకుండా పనిచేసే యంత్రం అంటేనే ఆయనకు పేచీ. తోడు డ్రైవరు పక్కన కూర్చుంటే 'బ్రేకు కొట్టు భాయ్' అంటాడు గానీ, తనే కాలు చాపి బ్రేకు తొక్కడు కదా. తొక్కేవాడైతే, ఎప్పుడు తొక్కుతాడో ముందే చెప్పాలి.

తొమ్మిదీ ఇరవై. ఎయిర్‌పోర్టు బయట ఓనరు ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. సామాను డిక్కీలో పెట్టించి, వెనక సీట్లో బెల్టు పెట్టుకున్న షేర్వాణీల మూటను చూసి నవ్వి, పక్కకు జరిపి కూర్చున్నాడు. మంచి మనిషే. కారు రాంపు దిగేలోపే ఫోను తీశాడు. యాప్ తెరిచాడు.

"ఏంటిది? ఇవాళ తొమ్మిదిసార్లు సడన్ బ్రేకు కొట్టావా?"

డ్రైవరు మధ్య అద్దంలోంచి మీవైపు చూశాడు. తొమ్మిదింట్లో ఆయన కొట్టినవి ఎన్నో, కారు కొట్టినవి ఎన్నో ఇప్పుడు విడదీసి చెప్పాల్సింది మీరే. చెప్పారు. నయాపూల్ మీద స్కూటీ సంగతి, లైట్లు లేని ట్రాలీ సంగతి. ఓనరు కాసేపు ఆలోచించి, ఫోను పక్కన పెట్టాడు.

"ఇదంతా నాకు షోరూమ్‌లో చెప్పలేదే," అన్నాడు.

గ్లవ్ బాక్సులో కారుతో వచ్చిన పుస్తకం ఉంది. కవరు కూడా చింపలేదు. కూత ఎప్పుడు వస్తుంది, బ్రేకు ఎప్పుడు పడుతుంది, వర్షంలో, మంచులో, బురద పడ్డ అద్దంలో ఎప్పుడు పనిచేయదు, ఏ బటన్ నొక్కితే ఏది ఆగుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లీషులో. మన డ్రైవరు తెలుగు చదువుతాడు, ఉర్దూ బోర్డులు కూడబలుక్కుంటాడు.

కాబట్టి కార్లు అమ్మేవాళ్లకు ఒక విన్నపం: ఆ నాలుగు పేజీలు తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ఇవ్వండి. యాప్‌లో బ్రేకు లెక్క చూపేటప్పుడు మనిషి కొట్టినది వేరే, యంత్రం కొట్టినది వేరే చూపండి. కార్లు కొనేవాళ్లకు ఇంకొకటి: మీ బండిని ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు పెట్రోలు ఎంతుందో, ఫాస్టాగ్‌లో ఎంతుందో చెప్పినట్టే, బండి ఎప్పుడు తనంతట తాను బ్రేకు కొడుతుందో కూడా చెప్పండి. పది నిమిషాల పని. తాళంచెవి ఆయన చేతిలో పడకముందే ఆ పది నిమిషాలు ఇవ్వండి.